సాయిబు గారు చూడని దూలం

ఎనభైల్లో మా వైపు లారీ కొన్నామంటే సగం లారీ కొన్నట్టే. కంపెనీవాళ్ళు ఇంజనూ, చక్రాలూ, వాటిని పట్టి ఉంచే పొడుగాటి ఇనప చట్రమూ ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్ళు. ఆ చట్రాన్ని చాసిస్ అంటాం. డ్రైవరు దాని మీద ఒక చెక్కపెట్టె బిగించుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండా దుమ్మూ తింటూ ఎక్కడెక్కడి నించో గుంటూరు దాకా తోలుకొచ్చేవాడు. ఆ తర్వాత డ్రైవరు కూర్చునే క్యాబినూ, సరుకు వేసే తొట్టీ, అడుగు చెక్కలూ, పక్క తలుపులూ అన్నీ మాలాంటి షెడ్లలో కట్టాల్సిందే. గుంటూరు నించి పెదకాకాని పోయే రోడ్డు మీద అలాంటి ఒక షెడ్డులో నేను వడ్రంగి మేస్త్రిని. అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. కోపం మాత్రం అరవై ఏళ్ళవాడికి సరిపడా ఉండేది.

ఆ రోజుల్లో లారీ షెడ్ల మీద ఒక అపవాదు ఉండేది. చూపించే కర్ర ఒకటి, వాడే కర్ర ఒకటి అనేవాళ్ళు. అది ఊరికే పుట్టింది కూడా కాదు. మా ఓనరు దాన్ని తన షెడ్డు వరకూ పోగొట్టాలనుకుని, రోడ్డుకి కనపడే గోడ మీద నీలం రంగుతో మనిషెత్తు అక్షరాలు రాయించాడు: 'మీ బండి మీ కళ్ళ ముందే'. చాసిస్ షెడ్డులోకి వచ్చిన రోజు నించి రంగు ఆరేదాకా కొన్నవాళ్ళు వచ్చి కూర్చోవచ్చు. ప్రతి చెక్కనీ తట్టి చూసుకోవచ్చు. నచ్చకపోతే పక్కన పెట్టించవచ్చు. ఇంకే షెడ్డులోనూ అలా రానిచ్చేవాళ్ళు కాదు. ఈ మాట పాకి మాకు తెనాలి నించీ ఒంగోలు నించీ కూడా బళ్ళు రావడం మొదలైంది.

ఓనరుకి బాగానే ఉంది. వీపు మీద చూపులు పెట్టుకుని పని చేసేది మేము కదా. ఒకాయన పంచాంగం పట్టుకొచ్చి ఏ మేకు ఎప్పుడు దిగాలో చెప్పేవాడు. ఒకావిడ క్యాబినులో దేవుడి పటాలకి అర ఎంత ఎత్తులో ఉండాలో చూపించడానికి మూడుసార్లు నిచ్చెన ఎక్కింది. పొన్నూరు వైపు నించి వచ్చిన ఒక మోతుబరి రోజూ పది గంటలకొచ్చి, పదీ పావుకి గురక మొదలుపెట్టి, సాయంత్రం లేచి "బాగా చేశారయ్యా" అని వెళ్ళిపోయేవాడు. మా అందరికీ నచ్చినవాడు ఆయనొక్కడే.

సాయిబు గారు నిద్రపోయే రకం కాదు.

ఆయనది పర్చూరు. ఇరవై ఏళ్ళకు పైగా ఊళ్ళోవాళ్ళ లారీలు నడిపి, పొగాకు బేళ్ళూ, మేం టిక్కీలనే మిరపకాయ బస్తాలూ ఎక్కడెక్కడికో చేర్చి, చివరికి తన పేరున ఒక చాసిస్ తెచ్చుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, గళ్ళ లుంగీ, తెల్ల చొక్కా. మాట ఎప్పుడూ మెత్తగానే ఉండేది. గుంటూరులో చుట్టాలింట్లో ఉండి, పొద్దున్నే మాకంటే ముందే షెడ్డు తలుపు దగ్గరికి వచ్చేవాడు. మధ్యాహ్నం ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, క్యారేజీ తెచ్చేవాడు. ఇద్దరూ చాసిస్ నీడలో కూర్చుని ఒకే క్యారేజీలో తినేవాళ్ళు. ఆ బావమరిదికి పాతికేళ్ళుంటాయి. డ్రైవింగు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. కొత్త బండిని ఇద్దరూ చెరో పూట తోలాలని అనుకున్నారు. "బావా, క్యాబినులో నీ తలకి తగలకుండా కప్పు ఒక బెత్తెడు ఎత్తు పెట్టించు" అని అతను, "నా తల సంగతి సరే, నీ కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటావురా" అని ఈయన. వింటుంటే ముచ్చటగానే ఉండేది. ఆ ముచ్చట నాకు మధ్యాహ్నం దాకా నిలిచేది కాదు.

ఎందుకంటే సాయిబు గారు ప్రతిదీ అడిగేవాడు. అడిగేవన్నీ సరైనవే కావడం నాకు ఇంకా మంట. ఇరవై ఏళ్ళు లారీ కింద పడుకుని రిపేర్లు చేసుకున్న మనిషి. ఏ కర్ర ఎక్కడ విరుగుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. రెండు మద్ది దూలాల్ని వేలితో తట్టి, చెవి ఆనించి, "ఇది వద్దు మేస్త్రీ, లోపల బోలుంది" అన్నాడు. కోసి చూస్తే రెంటిలోనూ బోలే. నా కింద పనిచేసే వడ్రంగులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను బాడిశతో దుంగని అవసరమైన దానికంటే గట్టిగా కొట్టాను.

లారీ తొట్టి అడుగున చాసిస్‌కి అడ్డంగా వరసగా దూలాలు వేస్తాం. సరుకు బరువంతా వాటి మీదే. ఒక్కో దూలానికీ బరమాతో బెజ్జం తిప్పి ఇనప బోల్టు దింపి కింద మర బిగిస్తాం. బెజ్జం బోల్టు కంటే రవ్వంత వదులుగా ఉండాలి. ఇరుకైతే సుత్తి దెబ్బకి కర్ర బీటలు వారుతుంది. ఇది మొదటి ఏడాదే నేర్పుతారు. సాయిబు గారు ప్రతి దూలం దగ్గరా, నేను బరమా పక్కన పెట్టగానే, "ఇంకో రెండు తిప్పులు తిప్పు మేస్త్రీ, నీకు తెలీదని కాదు" అనేవాడు. ఆ 'తెలీదని కాదు' అన్న మాట నాకు కారం పెట్టినట్టు ఉండేది. ఏడు దూలాలకి ఏడుసార్లు విన్నాను.

ఎనిమిదోది వెనక నించి రెండో దూలం. ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం నమాజుకి లేస్తూ సాయిబు గారు నా దగ్గరికొచ్చి, "నేను వచ్చేదాకా ఈ దూలం ఆపుతావా? గంటలో వచ్చేస్తాను" అన్నాడు. "అలాగే" అన్నాను. ఆయన వీధి మలుపు తిరిగాడు. మిగతా వడ్రంగులు చెట్టు కింద అన్నాలకి కూర్చున్నారు. షెడ్డులో నేనొక్కణ్ణే మిగిలాను.

ఆగితే ఏం పోయేది? ఒక బీడీ కాల్చుకుంటే గంట అయిపోయేది. కానీ నా వీపు మీద చూపు లేకుండా ఒక్క దూలమైనా వెయ్యాలని నాకు పట్టుకుంది. ఆయన వచ్చేసరికి బిగించేసి, 'చూశావా, నువ్వు చెప్పకపోయినా నా పని ఆగదు' అని మొహాన చెప్పినట్టు ఉండాలనుకున్నాను. బరమా తిప్పాను. ఇంకో రెండు తిప్పులు తిప్పాలని చేతికి తెలుసు. కావాలనే తిప్పలేదు. బోల్టు పెట్టి సుత్తితో ఒకటి వేశాను. దిగలేదు. రెండోది కోపంగా వేశాను.

టప్‌మని చప్పుడైంది. బోల్టు దిగింది. బెజ్జం దగ్గర్నించి జానెడు పొడుగున, నూలు పోగులా, బీట.

దాన్ని తీసి పక్కన పారేసి ఇంకో దూలం వెయ్యాలి. ఇందులో రెండో మాట లేదు. కానీ ఆ కొలతకి కోసిన దూలం ఇంకోటి లేదు. అంటే ఆయన వచ్చేసరికి విరిగిన దూలం కింద ఉంటుంది. ఆగమన్నా ఆగలేదనీ, ఆయన చెప్పింది చెయ్యనందుకే పగిలిందనీ ఇట్టే తెలిసిపోతుంది. నేను భయపడింది పని చెడినందుకు కాదు, ఆయన ముందు తల వంచాల్సి వస్తుందని. వజ్రం జిగురులో రంపపు పొట్టు కలిపి ఆ బీటలో కూరాను. గుడ్డతో తుడిచాను. అడుగు దూలాలకి చివర్లో తారు రంగు పూస్తాం. నేను ఆ ఒక్క దూలానికీ అప్పుడే పూసేశాను.

సాయిబు గారు టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. వంగి చూశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది సాయిబు గారూ. పని ఆగకూడదని వేసేశాను."

"మంచిదే. రంగు కూడా వేసేశావే."

"చెమ్మ పట్టకుండా ఉంటుందని."

ఆయన వేలితో దూలం ముట్టుకున్నాడు. వేలికి నల్లగా అంటింది. లుంగీ అంచుకి తుడుచుకున్నాడు.

"బెజ్జం ఇంకో రెండు తిప్పులు తిప్పావుగా?"

"తిప్పాను."

అంతే. ఆయన వెళ్ళి తన చోట కూర్చున్నాడు. నేను అంతకుముందు అబద్ధాలాడలేదని కాదు. ఆ ఒక్కటీ ఇంత బరువెక్కుతుందని అప్పుడు అనుకోలేదు. సాయంత్రానికి జిగురు ఆరింది, సుత్తితో తట్టి చూస్తే గట్టిగానే పలికింది. 'ఏం కాదులే' అనుకున్నాను. ఆ రాత్రి అన్నం బాగానే తిన్నాను. ఇది ముఖ్యంగా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత తినలేకపోయిన రోజుల గురించి చెప్పుకుని జాలి పొందడం సులువు.

మరో మూడు వారాలకి బండి తయారైంది. ఆకుపచ్చ క్యాబిను, పసుపు తొట్టి. ఆయన భార్య కూడా పర్చూరు నించి వచ్చింది. అడుగు చెక్కల మీద చెప్పులు విడిచి నడిచి, "ఇంట్లో కంటే నున్నగా ఉంది" అంది. సాయిబు గారు నా రెండు చేతులూ పట్టుకుని, "నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నా, ఇలాంటి పని గుంటూరు మొత్తం మీద లేదు" అన్నాడు. ఓనరు నవ్వుతూ నా భుజం తట్టాడు. నేను కూడా నవ్వాను.

బండి ఏడాదిన్నర నడిచింది. అప్పుడప్పుడూ షెడ్డు ముందు ఆపి, బావా బావమరిదీ దిగి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు లోపల ఓనరుతో మాట్లాడుతుంటే నేను వెనక్కి వెళ్ళి వంగి ఆ దూలం చూసేవాణ్ణి. తారు రంగు మీద బురద తప్ప ఏమీ కనపడేది కాదు. చూసిన ప్రతిసారీ గుండె మీద బరువు దించినట్టు ఉండేది. ఎవరికైనా చెప్పి ఆ దూలం మార్చడానికి నాకు ఏడాదిన్నర దొరికింది. సర్వీసుకి బండి ఒక రోజు వదిలిపెట్టమని ఏదో వంక చెప్పినా సరిపోయేది, నిజం కూడా చెప్పనక్కర్లేదు. అదీ చెయ్యలేదు.

మిరపకాయల రోజుల్లో, పర్చూరు నించి చీరాల వెళ్ళే రోడ్డు మీద ఒక తూము దగ్గర, ఆ దూలం విరిగింది. ఆ పూట బండి తోలింది బావమరిది. సరుకు ఎక్కించిందీ అతనే. వెనక భాగం కుంగి, టిక్కీలన్నీ ఒక పక్కకి జారి, బండి పక్కనున్న కాలవలోకి ఒరిగింది. అతని జబ్బ ఎముక విరిగింది. అంతకంటే ఎవరికీ ఏమీ కాలేదు. బస్తాలు పగిలి మిరపకాయలు కాలవ మీద తేలాయనీ, చుట్టుపక్కల పొలాల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి కళ్ళు మండుతున్నా కొంగుల్లోకి ఎత్తారనీ తర్వాత విన్నాను. విన్నప్పుడు నేను నవ్వినట్టు నటించాల్సి వచ్చింది, ఎందుకంటే చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు.

బండిని క్రేనుతో లేపి తిరిగి మా షెడ్డుకే తెచ్చారు. ఇంకెక్కడికి తెస్తారు?

సాయిబు గారు వచ్చాడు. జబ్బకి కట్టుతో బావమరిదీ వచ్చాడు. వాళ్ళు ఓనరు గదిలో ఉండగానే నేను బండి కిందికి దూరాను. విరిగిన చోట అంతా తేటగా ఉంది. పగిలిన కర్ర తెల్లగా, దాని మధ్యలో నా జిగురు గోధుమరంగు చారలా. వడ్రంగం తెలిసిన ఎవడైనా ఒక్క చూపులో చెప్పేస్తాడు. నేను రంపం తీసుకుని, రిపేరుకి కోసినట్టే, ఆ మూరెడు ముక్కా కోసేశాను. పక్క టీ కొట్టు పొయ్యిలో పెట్టమని చెక్కముక్కలతో కలిపి ఇచ్చేశాను. టీ కొట్టు ఆవిడ ఎప్పుడూ మా దగ్గర ముక్కలు తీసుకుంటుంది, కాబట్టి ఎవరికీ వింత అనిపించలేదు. నేను తిరిగి వచ్చి చేతులు కడుక్కున్నాను.

వాళ్ళు బయటికి వచ్చారు. ఓనరు కంగారుగా, "మా పనిలో ఏమన్నా తప్పుంటే చెప్పండి సాయిబు గారూ, చూసుకుందాం" అన్నాడు. సాయిబు గారు అడ్డంగా తలూపాడు.

"మీ పనిలో తప్పేం లేదు. నేను ఇక్కడే కూర్చుని ప్రతి బోల్టూ నా కళ్ళతో చూశాను. లోడు వెయ్యడం రానివాడు వేస్తే ఏ బండైనా ఇంతే."

బావమరిది మొహం ఎర్రబడింది. "ఎప్పుడూ వేసినట్టే వేశాను బావా. నువ్వు నేర్పినట్టే."

"నేను నేర్పినట్టు వేస్తే విరగదు."

అతను నా వైపు తిరిగాడు. "మేస్త్రీ, నువ్వు చెప్పు. మంచి దూలం ఆ బరువుకి విరుగుతుందా?"

అందరూ నా వైపు చూశారు. నేను కొంచెంసేపు ఆలోచించినట్టు నిలబడి, "బరువు ఒక పక్కకి ఒరిగితే ఏ దూలమైనా విరుగుతుంది" అన్నాను. అందులో అక్షరం అబద్ధం లేదు. నా జీవితంలో నేనన్న మాటల్లో అంతకంటే పెద్ద అబద్ధం కూడా లేదు.

అతను కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సాయిబు గారు అతన్ని బండి ఎక్కనివ్వలేదు. ఒకళ్ళ గడప ఒకళ్ళు తొక్కడం మానుకున్నారు. పర్చూరులో లోడు చెడగొట్టినవాడన్న పేరు పడ్డాక అతనికి ఇంకెవరూ స్టీరింగు ఇవ్వలేదు. జబ్బ అతుక్కున్నాక వేటపాలెం వెళ్ళి జీడిపప్పు కార్ఖానాలో కూలికి కుదిరాడని తెలిసింది.

నేను పుట్టింది క్రైస్తవుల ఇంట్లో. ప్రతి ఆదివారం గుడికి వెళ్తాం. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచడం, ఉంటుంది. రొట్టె తీసుకునే ముందు పాస్టరు అయ్యగారు ఒక మాట అంటారు, ఎవరి పట్లైనా మీరు చేసిన తప్పు గుర్తుంటే ముందు వెళ్ళి అతనితో సమాధానపడి రండి అని. చిన్నప్పటి నించీ వింటున్న మాటే. ఆ ఏడాది అది నాకొక్కడికే చెప్తున్నట్టు వినపడేది. నేను బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాను. కడుపులో బాగా లేదని మా ఆవిడతో చెప్పేవాణ్ణి. మూడో నెలకి ఆవిడ "మొదటి ఆదివారమే ఎందుకు బాగోదో" అంది. ఆవిడకీ చెప్పలేదు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు సాయిబు గారి భార్య ఒక్కతే షెడ్డుకి వచ్చింది. పర్చూరు నించి బస్సు మారి వచ్చినట్టుంది, మొహం వడిలిపోయింది. నన్ను పక్కకి పిలిచింది.

"అన్నా, మా ఆయనకి తెలీకుండా వచ్చాను. నాకు చెక్కల సంగతి తెలీదు. నా తమ్ముడు అంత తెలివితక్కువగా లోడు వెయ్యడు. అది నాకు తెలుసు. కర్రలో ఏమన్నా లోపం ఉండొచ్చా అన్నా? ఉండొచ్చు అని నువ్వొక్క మాటంటే చాలు. నీ మాటంటే ఆయనకి గురి. వాళ్ళిద్దరూ కలుస్తారు."

చూడండి, ఆమె నన్ను తప్పు ఒప్పుకోమని కూడా అడగలేదు. ఉండొచ్చు అనమంది. అంతే. ఓనరు గది తలుపు తెరిచే ఉంది. గోడ మీద ఆ నీలం అక్షరాలు. ఇంకో చాసిస్, దాని పక్కన కూర్చుని మమ్మల్నే చూస్తున్న ఇంకో కొన్నాయన. "కర్ర మంచిదేనమ్మా. ఆయనే ఏరి పెట్టుకున్నారు కదా" అన్నాను.

ఆమె తలూపింది. మంచినీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా ఏం లేదు. పని చేశాను. బెజ్జాలు వదులుగా తిప్పాను. చూడ్డానికి వచ్చినవాళ్ళ మీద విసుక్కోవడం మానేశాను. అందరూ నేను మారానన్నారు, పెద్దరికం వచ్చిందన్నారు. సాయిబు గారు రెండో చాసిస్ కొని మళ్ళీ మాకే ఇచ్చాడు. ఈసారి ఒక్క రోజు వచ్చి, "నేను కూర్చోవడం దేనికి మేస్త్రీ, నువ్వుండగా" అని వెళ్ళిపోయాడు. ఆ బండి కట్టినన్ని రోజులు నేను అనుభవించిన శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు. ఒక్కో దూలం మూడుసార్లు మార్చాను. ఓనరు తిట్టాడు కూడా.

ఆ బండి వెళ్ళిన వారానికి నేను వేటపాలెం బస్సెక్కాను.

కార్ఖానా పెరట్లో అతను కాల్చిన జీడిగింజల బస్తాలు మోస్తున్నాడు. జీడి నూనె తగిలి రెండు చేతులూ మణికట్ల దాకా నల్లగా పొట్టు లేచిపోయి ఉన్నాయి. నన్ను చూసి బస్తా దించాడు. నేను ఏ ముందుమాటా లేకుండా చెప్పేశాను. శుక్రవారం, బోల్టు, బీట, జిగురు, రంపం, పొయ్యి. అన్నీ.

అతను చేతులు గోనెకి తుడుచుకుంటూ విన్నాడు. చివరికి, "నాకు తెలుసు మేస్త్రీ" అన్నాడు.

"ఎలా?"

"విరిగిన రోజే చూశాను. కాలవలో పడుకునే చూశాను. లోపల జిగురు కనపడింది. ఆసుపత్రిలో మా బావతో చెప్పాను. మేస్త్రి మీద నింద వేస్తావురా అని చేయిచేసుకున్నాడు, విరిగిన జబ్బ మీదే. పోనీ షెడ్డులో చూపిద్దామని వచ్చాను. ఓనరు గదిలోంచి బండి దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క లేదు."

మంచి దూలం ఆ బరువుకి విరుగుతుందా అని ఆ రోజు అతను నన్ను అడిగింది, తెలిసి అడిగాడు. నాకు ఒక దారి వదిలి అడిగాడు.

"నాకు చెప్పి ఏం లాభం?" అన్నాడు అతను. "వెళ్ళి ఆయనకి చెప్పు." మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు.

అట్నించి అటే పర్చూరు వెళ్ళాను. సాయిబు గారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంబరంగా లేచి, లోపలికి టీ చెప్పాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆయన నా మొహంలోకి చూస్తూ విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండును అనుకున్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"వేటపాలెం వెళ్ళొచ్చావా?"

"వెళ్ళాను."

"వాడి చేతులు చూశావా?"

"చూశాను."

"అదీ సంగతి. చూసి నీ మనసు కరిగింది. మమ్మల్ని కలపాలని తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీది మంచి మనసు మేస్త్రీ. కానీ నేను గుడ్డివాణ్ణి కాను. నెల రోజులు కూర్చుని చూశాను. ఆ దూలం ముట్టుకుని మరీ చూశాను."

"సాయిబు గారూ, నేను అబద్ధం చెప్పాను. మీరు నమాజుకి వెళ్ళిన గంటలో..."

"చాలు. నువ్వు పొరపాటు చేసే రకం కాదు. చేసినా దాచే రకం కాదు. నువ్వు వాడి కోసం చెప్తున్నావు."

ఎంత చెప్పినా అంతే. నిరూపించడానికి నా దగ్గర ఏముంది? ఉన్న ఒక్క ముక్కనీ నేనే బూడిద చేశాను. ప్రమాణం చేస్తానన్నాను. నా మేలు కోరి, దేవుడి దగ్గర దొంగ ప్రమాణం చెయ్యొద్దని ఆయనే నన్ను బతిమాలాడు. తన కళ్ళని తాను కాదనుకోలేకపోయాడు. ఆ కళ్ళని నమ్ముకోవడం ఆయనకి అలవాటు చేసింది మేమే.

వీధి చివర బస్సు కోసం నడుస్తుంటే వెనక నించి ఆయన భార్య వచ్చింది. గుమ్మం వెనక నించి అంతా విన్నదని ఆమె మొహం చూడగానే తెలిసింది. ఆమె నమ్మింది. ఆ ఇంట్లో నమ్మింది ఆమె ఒక్కతే.

"ఆ రోజు నేను షెడ్డుకి వచ్చి అడిగినప్పుడు ఈయనకి ఇంకా అనుమానం ఉంది అన్నా" అంది. "రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు, అనవసరంగా కొట్టానేమో వాణ్ణి అని. నువ్వు కర్ర మంచిదే అన్నావని నేనే వచ్చి చెప్పాను. నీ దగ్గరికి వెళ్ళినట్టు చెప్పి తిట్లు కూడా తిన్నాను. అప్పట్నించి ఆయన నిద్రపోతున్నాడు."

నేను ఆగిపోయాను.

"నిరుడు మా అమ్మ పోయింది. ఈయన ఒక పక్కా వాడొక పక్కా మోశారు. ఒక్క మాట లేదు." ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. "నువ్వు ఇంక రావొద్దన్నా. నువ్వు వచ్చి చెప్పినకొద్దీ ఈయన దగ్గర నువ్వు పెద్దవాడివైపోతావు, నా తమ్ముడు ఇంకా చిన్నవాడైపోతాడు. మాకు నువ్వు చెయ్యగలిగింది ఇంకేం లేదు."

అలాగే అన్నాను. ఆమె వెనక్కి తిరిగింది.

నేను మళ్ళీ వెళ్ళలేదు. ఎవరైనా అడిగితే ఆమె వద్దన్నది కాబట్టి వెళ్ళలేదని చెప్పగలను, అది నిజం కూడా. కానీ ఇంత రాసి ఆ ఒక్కటీ దాచడం దేనికి? ఆమె రావొద్దన్నప్పుడు నాకు ముందుగా కలిగింది బాధ కాదు. హాయి. ఇంక చెప్పాల్సిన పని లేదన్న హాయి. చీరాల నించి గుంటూరు వెళ్ళే బస్సు కిక్కిరిసి వచ్చింది, అయినా నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా నిద్రపోయాను.